దూడ వాటా

రోహిణి కార్తె, మూడో రోజు

పైన యాభై ఒకటి. గనిలో ముప్పై ఆరు. ఈ పుస్తకంలో రోజూ మొదట ఎండ రాయమని పాల సంఘం నియమం. ఇరవై ఎనిమిదేళ్లుగా రాస్తున్నాను. ఎండ ఒక్కసారి కూడా చదివి సిగ్గుపడి తగ్గింది లేదు.

పొద్దున దిగువ వరసలో రెండు దూడల చెవులు కోశాను. చెవులంటే మరీ చెవులు కాదు, గోరంత ముక్క. దాన్ని పలక అనే యంత్రం నోట్లో పెడితే, పుట్టుకతో వచ్చిన వెయ్యి గుర్తులు వెతికి, ఈ దూడ పెద్దదై ఏ మాత్రం పాలిస్తుందో నూటికి ఇన్ని మార్కులని చెబుతుంది. ఒకదానికి డెబ్బై నాలుగు, రెండోదానికి అరవై తొమ్మిది వచ్చాయి. ఇంటివాళ్లు నాకు మజ్జిగ ఇచ్చారు. మార్కు తక్కువొస్తే మంచినీళ్లు కూడా ఇవ్వరు. గనిలో పిల్లలు నన్ను 'చెవుల హుసేనమ్మ' అంటారు, నేను కనబడగానే చెవులు మూసుకుని పరిగెత్తుతారు. నాకేం కోపం లేదు. కొంచెం ఉంది.

అసలు పని ఈరోజే మొదలైంది. గనిలో పశువులు డెబ్బై రెండు. వానలు పడేదాకా ఉన్న మేత అరవైకే వస్తుంది. మృగశిర మొదటి రోజు పైనుంచి బండి దిగుతుంది. నలభై మార్కులు దాటని పన్నెండు ఆవులు ఆ బండెక్కాలి. బండెక్కిన పశువు ఎక్కడికి పోతుందో అందరికీ తెలుసు, అందుకే ఎవరూ అడగరు. జాబితా రాసేది నేను. కింద సంతకం పెట్టేదీ నేనే.

పన్నెండూ ఎగువ వరసవే. దాదాపు ప్రతి ఏడూ అంతే.

రోహిణి, ఐదో రోజు

పైన యాభై రెండు. గనిలో ముప్పై ఆరు.

ఎగువ వరసకు తొంభై రెండు మెట్లు. మా తాతలు నాపరాయి కోసి లారీలకెత్తిన గని ఇది. లారీలవాళ్లు బండలు తీసుకుపోయారు, మాకు నీడ మిగిలింది. కింద దిగువ వరస, పైన ఎగువ వరస. దిగువ వాళ్లకు కరెంటు ముందొచ్చింది, యంత్రంతో పాలు పిండుతారు. ఎగువ వాళ్లు ఇప్పటికీ చేత్తోనే పిండుతారు. మేమూ ఎగువ వాళ్లమే. పలక చేతికొచ్చాక నేను కిందికి మారాను.

జాబితాలో పేరున్న ఇళ్లకు ముందుగా పోయి చెప్పాలి. మొదట మద్దిలేటన్న ఇల్లు. వరసకు అన్న, నాకంటే పదేళ్లు పెద్ద. వదిన పోయినప్పటినుంచి మనుషులతో కంటే ఆవుతోనే ఎక్కువ మాట్లాడతాడు. ఆవు పేరు జొన్న. ఒళ్లంతా ఎండిన జొన్నకంకి రంగు. నేను పోయేసరికి పాలు పిండుతున్నాడు. తల తిప్పలేదు.

"జొన్న పేరుండాదా?" అన్నాడు.

"ఉండాదన్నా. ముప్పై ఒకటి."

"ఏం జూసి చెప్పింది మ్మే నీ పలక, ముప్పై ఒకటని?"

ఈ ప్రశ్నకు నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే జవాబు చెప్పాను. ముప్పై ఏళ్ల కిందట గనిలో ఉన్న ఆవులన్నిటి పాలూ ఏడాది పొడుగునా కొలిచి పుస్తకాల్లో రాశారు. ఏ గుర్తులున్న ఆవులు ఎక్కువిచ్చాయి, ఏ గుర్తులున్నవి తక్కువిచ్చాయి అని ఆ పుస్తకాలు చూసి పలక నేర్చుకుంది. దాని సొంత తెలివేం లేదు, ఉన్నది ఉన్నట్టు చెబుతుంది.

"కొలిచి రాసింది నువ్వే గదా."

"నేనే. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు."

"ఊఁ" అన్నాడు. అంతే. బకెట్ పక్కన పెట్టి దూడను విప్పాడు. అది ఒక్క దూకులో నన్ను పక్కకు తోసేసి తల్లి కిందికి దూరింది. గోడకు ఆనుకోకపోతే పడిపోయేదాన్నే. రెండు నెలల దూడకు అంత బలం ఎక్కడిదని తిట్టుకుంటూ మిగతా ఇళ్లకు పోయాను. అన్ని చోట్లా నాకు చాప వేశారు, ఎవరూ కూర్చోమనలేదు.

రోహిణి, ఆరో రోజు

పైన యాభై మూడు. గనిలో ముప్పై ఎనిమిది. ముప్పై ఎనిమిది నేను రాయడం ఇదే మొదటిసారి.

సంఘం కేంద్రంలో పాలు తగ్గాయి. పిల్లలకు రోజూ పోసే పావు లీటరు ఈరోజు గ్లాసు సగానికి దిగింది. డెబ్బై దాటిన మార్కుల ఆవులే నాలుక బయటపెట్టి రొప్పుతున్నాయి. రోహిణికి ముందు రోజుకు ఎనిమిది లీటర్లిచ్చినవి ఐదుకొచ్చాయి.

సంఘం పెద్ద నాగశేషులు నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. మంచివాడే, లెక్క తప్పితే నిద్రపట్టని మనిషి. "అత్తా, ఆ పన్నెండింటిని పంపిస్తే కిందవాటికి ఇంకో కట్ట మేత పెట్టొచ్చు. పాలు లేస్తాయి" అన్నాడు.

"మేతకు కాదప్పా అవి రొప్పుతాండేది, ఎండకు" అన్నాను.

"ఎండకు మనమేం జేస్తాం?" అన్నాడు. నిజమే కదా.

రోహిణి, ఎనిమిదో రోజు

పైన యాభై రెండు. గనిలో ముప్పై ఎనిమిది.

మూడు రోజులుగా ఆ దూడ నా బుర్రలోంచి పోవడం లేదు. ఈరోజు టేపు పట్టుకుని దిగువ వరసలో డెబ్బై ఆరు మార్కుల ఆవు దూడ ఛాతీ చుట్టు కొలిచాను. రెండు నెలలదే. టేపు లెక్క ప్రకారం ముప్పై మూడు కిలోలు. తర్వాత తొంభై రెండు మెట్లెక్కి జొన్న దూడను కొలిచాను. నలభై ఒకటి. తప్పుగా చూశానేమోనని మళ్లీ కొలిచాను. దూడకు విసుగొచ్చి నా చీర కొంగు నమిలింది.

ముప్పై ఒకటి మార్కులంటే పాలు లేని ఆవు. పాలు లేని ఆవు దూడకు ఆ కండ గాల్లోంచి వచ్చిందా?

అక్కడే కూర్చుని మద్దిలేటన్న పిండడం మొదటినుంచీ చివరిదాకా చూశాను. దూడను ఒక్క నిమిషం వదిలాడు, ఆవు చేపింది, పొదుగులోకి పాలు దిగాయి, దూడను లాగి కట్టేశాడు. మూడు చన్నులు పిండాడు. వెనక కుడివైపు చన్ను ముట్టుకోలేదు. అది దూడది. తర్వాత దూడను వదిలేశాడు.

ఇందులో కొత్తేం లేదు. ఎగువ వరసలో అందరూ ఒక చన్ను దూడకు వదులుతారు. మా అమ్మా అట్లాగే పిండేది. చిన్నప్పటినుంచి చూసిందే చూశాను, కానీ ఈరోజు చన్నులు లెక్కపెట్టాను. దిగువ వరస యంత్రానికి నాలుగు గొట్టాలు. నాలుగు చన్నులకూ తగిలిస్తారు, దూడకు డబ్బాతో లెక్కగా పోస్తారు. మరి ఆ ఏడు నేను పుస్తకంలో ఏం రాశాను?

రోహిణి, తొమ్మిదో రోజు

పైన యాభై రెండు. గనిలో ముప్పై ఏడు.

మధ్యాహ్నం గనంతా పడుకున్నాక సంఘం గదిలో పాత పుస్తకాలు తీశాను. పద్నాలుగు పుస్తకాలు. అన్నీ నా చేతిరాతే, గుండ్రంగా, పొగరుగా. అప్పుడు నాకు రాయడం వచ్చని గర్వం.

గడి పైన 'ఆవు ఇచ్చిన పాలు' అని అచ్చేసి ఉంది. దిగువ వరస ఇళ్లలో నాలుగు చన్నుల పాలు రాశాను. ఎగువ వరస ఇళ్లలో బకెట్లో ఉన్నవి రాశాను, అంటే మూడు చన్నులవి. దూడ తాగింది ఎక్కడా రాయలేదు. ఏడాదంతా, రోజుకు రెండు పూటలా.

మర్చిపోయి రాయలేదని చెప్పుకోవాలనుంది. కానీ మర్చిపోలేదు. దూడ నోటికాడిది లెక్కపెట్టకూడదు. లెక్కపెడితే దూడకు పారుకుంటుంది, విరేచనాలు పట్టి దక్కదు. ఎగువ వరసలో పుట్టిన ఏ ఆడపిల్లయినా నడక కంటే ముందు ఇది నేర్చుకుంటుంది. ఆవు మనకిచ్చినవే ఆవు ఇచ్చిన పాలు, మిగతావి దూడవి అనుకున్నాను. నన్నెవరూ అడగలేదు, నేనెవరికీ చెప్పలేదు.

ఎగువ ఆవులన్నీ ఒకదానికొకటి చుట్టాలే. తల్లులూ కూతుళ్లూ అవే గుర్తులు మోసుకుంటూ వచ్చాయి. ఆ గుర్తులున్న చోటల్లా పాలు తక్కువ కనబడ్డాయి కాబట్టి పలక అవి చెడ్డ గుర్తులని నేర్చుకుంది. అవి పాలు తక్కువిచ్చే గుర్తులు కావు. దూడకు వాటా వదిలే ఇళ్ల ఆవుల గుర్తులు, అంతే.

పలకను తిట్టడానికి లేదు. దానికి పాఠం చెప్పింది నేను.

బండి పుస్తకం కూడా తీశాను. ఇరవై ఎనిమిదేళ్లలో నా సంతకంతో బండెక్కినవి నూట తొంభై మూడు. అందులో ఎగువ వరసవి నూట డెబ్బై ఒకటి. మా అమ్మ ఆవు మల్లె ముప్పై ఎనిమిదో పంక్తిలో ఉంది. ఆ ఏడు అమ్మ నాతో రెండు నెలలు మాట్లాడలేదు. "పలక చెప్పిందమ్మా, నేనేం చేసేది" అన్నాను. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే నామీద నాకే అసహ్యం వేస్తోంది. ఏడ్చాను. తర్వాత ముఖం కడుక్కుని పుస్తకాలు అరలో పెట్టేశాను.

రోహిణి, పదో రోజు

పైన యాభై ఒకటి. గనిలో ముప్పై ఏడు.

మద్దిలేటన్నకు అంతా చెప్పాను. చివర్న నేను అడగాల్సింది అడిగాను. "ఒక్క మూడు రోజులు ఆ నాలుగో చన్ను కూడా పిండన్నా. అందరి ముందూ కొలిచి చూపిస్తే జొన్న దక్కుతాది."

"పిండను."

"బండెక్కుతాదన్నా."

"ఎక్కనీ. దూడ నోటికాడిది కొలిచి నేనీ ఆవును కాపాడుకోవల్నా? దానికి పారుకుంటే నువ్వొచ్చి కాస్తావా?"

ముప్పై ఏళ్ల కిందట నన్ను రాయనివ్వనిదీ ఇదే, ఇప్పుడు కొలవనివ్వనిదీ ఇదే. నాకు ఒళ్లు మండింది. పాలు లీటర్లలో కొలిస్తే దూడకు తెలుస్తుందా అని అరిచాను. ఆయనా అరిచాడు.

"పాలు ముట్టుకోవద్దంటాండ. నీకంత కొలిచే జబ్బుంటే దూడను కొలుచుకో. నన్ను కొలుచుకో. ఈ గోడను కొలుచుకో పో."

నేను మెట్లు దిగడం మొదలుపెట్టాను. ముప్పయ్యో మెట్టు దగ్గర ఆగిపోయాను. తాగకముందు దూడను తూచాలి, తాగినాక తూచాలి. ఎంత తేడా వస్తే అవే దూడ తాగిన పాలు. పాలనెవరూ ముట్టుకోరు.

మళ్లీ పైకెక్కాను. మోకాళ్లు నన్ను బూతులు తిట్టాయి. "అన్నా, దూడను కొలుచుకోమన్నావు కదా, తూస్తా. ఆ మాట మీదుండు" అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించాడు. దూడను తూచకూడదని పెద్దలెవరూ చెప్పినట్టు గుర్తు రాలేదు పాపం.

"లెక్క నా ముందర చెప్పొద్దు" అన్నాడు.

రోహిణి, పదకొండో రోజు

పైన యాభై. గనిలో ముప్పై ఏడు.

బండలకు పాలిష్ పట్టిన రోజుల్లో పొడి మూటలు తూచిన కాటా ఒకటి కొట్టులో పడి ఉంది. నూరు గ్రాముల తేడా కూడా పట్టుకుంటుంది. నాగశేషుల్ని పట్టుకొచ్చి, ఇద్దరం కలిసి ఎగువ వరసకు మోశాం. ఎందుకో చెబితే నమ్మడు కాబట్టి కళ్లతో చూడమన్నాను.

జొన్న దూడ తాగకముందు నలభై ఒకటీ రెండు వందలు. తాగింది. మూతంతా నురగతో వచ్చి కాటా ఎక్కింది, ముల్లు నిలబడేలోపు కాటా మీదే మూత్రం పోసింది. లెక్క గంగలో కలిసింది. నాగశేషులు చెప్పులు కడుక్కోవడానికి పోయాడు. మద్దిలేటన్న గోడ వైపు తిరిగి నిలబడ్డాడు, భుజాలు కదులుతున్నాయి. వదిన పోయాక ఆయన నవ్వడం నేను చూడలేదు.

సాయంత్రం పూట పద్ధతిగా జరిగింది. ముందు నలభై ఒకటీ నాలుగు వందలు. తర్వాత నలభై రెండున్నర. నాగశేషులు ముల్లు వైపు మూడుసార్లు వంగి చూశాడు.

"కిలో నూరు గ్రాములు" అన్నాడు మెల్లగా, మద్దిలేటన్నకు వినబడకుండా.

రోహిణి, పదమూడో రోజు

పైన యాభై ఒకటి. గనిలో ముప్పై ఏడు.

పన్నెండు ఆవుల్లో పాలిచ్చేవి తొమ్మిది. తొమ్మిది దూడలనూ నాలుగు పూటలు తూచాం. జొన్న బకెట్లో నాలుగు లీటర్లు, దూడ కడుపులో రెండుకు పైనే. రోహిణికి ముందు బకెట్లో ఎన్ని వచ్చేవో ఇప్పుడూ అన్నే. కింద డెబ్బై ఆరు మార్కుల ఆవు ఎనిమిది నుంచి నాలుగున్నరకు దిగింది. ముప్పై ఒకటి దాన్ని దాటేసింది.

సాయంత్రం సంఘం కూర్చుంది. రెండు వరసల వాళ్లూ వచ్చారు. నేను లేచి నిలబడ్డాను. "ముప్పై ఏళ్ల కిందట మూడు చన్నుల పాలు రాసి, నాలుగు చన్నుల పాలతో పోల్చనిచ్చింది నేనే. తెలిసే రాయలేదు. పలక తప్పు నేర్చుకుందంటే నా పుస్తకాల వల్ల. నూట డెబ్బై ఒక్క ఎగువ ఆవులకు సంతకం పెట్టినా. అన్నీ మంచివో కాదో చెప్పలేను. ఎన్ని మంచివి పోయినాయో ఇంగ ఎప్పటికీ తెలీదు" అని చెప్పాను. క్షమించమని అడగడానికి మొహం చెల్లలేదు.

మద్దిలేటన్న లేచాడు. "మా గౌరిని ఎక్కిచ్చినావు. దాని కూతురు కాటుకను ఎక్కిచ్చినావు. మీ అమ్మ మల్లెనూ ఎక్కిచ్చినావు. నువ్వు ఏడిస్తే అవి తిరిగి రావు మ్మే" అన్నాడు. తర్వాత, "మేమూ చెప్పింటే అయిపోయేది. ఒక్కరం నోరు తెరవలేదు. ఇంగ కూచో" అన్నాడు.

నేను కూర్చున్నాను.

నాగశేషులు తన అనుమానం తను అడిగాడు. "అత్తా, అంతా నిజమే. కానీ దూడ తాగిన పాలు మన పిల్లలకు రావు గదా?"

"ఈరోజు రావప్పా. ఆ దూడ చూలు కట్టడానికి రెండేళ్లు చాలు, డబ్బాపాల దూడకు మూడేళ్లు పడతాది. ఈ ఎండకు తట్టుకునే ఆవులు గనిలో ఇవే. వీటిని పంపిచ్చి రొప్పేవాటిని పెట్టుకుంటే, పదేళ్లకు దూడకూ ఉండవు, పిల్లలకూ ఉండవు."

ఆయన కాసేపు వేళ్ల మీద ఏదో లెక్కేశాడు. అరవై పశువులకు రోజుకు ఆరేసి కట్టలంటే మూడు వందల అరవై. డెబ్బై రెండింటికి ఐదేసి పెట్టినా అదే మూడు వందల అరవై. దిగువ వరస వైపు తిరిగి, "ఒక్కో దానికి ఒక కట్ట తగ్గిస్తే పన్నెండూ ఉంటాయి. ఏమంటారు?" అన్నాడు.

గొణిగారు. రొప్పే ఆవుకు మేత తగ్గిస్తే ఎట్లా అని ఒకరిద్దరు గట్టిగానే అన్నారు. తప్పు లేదు, వాళ్ల ఆవులు వాళ్లవి. అప్పుడు మద్దిలేటన్న, జొన్నకు ఐదు కూడా అక్కర్లేదని, నాలుగు చాలని, ఎగువ ఇళ్లన్నీ మిగిల్చినవి కిందికే పంపుతాయని చెప్పాడు. పక్కవాళ్లను అడగకుండానే చెప్పేశాడు. వాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని తలలూపారు. దిగువ వాళ్లూ సరేనన్నారు.

పలకకు మళ్లీ మొదటినుంచి పాఠం చెప్పాలని కూడా తేలింది. కొత్త పుస్తకం, ఏడాది కొలతలు. నన్నే రాయమన్నారు. ఇంకెవరికైనా ఇవ్వమన్నాను. "తప్పు యాడ జరుగుతాదో నీకు తెలిసినంత ఇంకెవురికి తెలుసు?" అన్నాడు నాగశేషులు. పొగడ్తో తిట్టో తేల్చుకోలేకపోయాను.

రోహిణి, చివరి రోజు

పైన నలభై తొమ్మిది. గనిలో ముప్పై ఆరు.

కొత్త పుస్తకానికి గీతలు కొట్టాను. 'ఆవు ఇచ్చిన పాలు' గడి పక్కన ఇంకో రెండు గడులు చేర్చాను. 'దూడ, తాగకముందు.' 'దూడ, తాగినాక.' మద్దిలేటన్న చదివించుకుని విన్నాడు.

"తీసివేత యాడ రాస్తావు?"

"రాయను. అది పలక చేసుకుంటాది."

"అట్లయితే సరే" అన్నాడు. దూడకు ఇప్పటిదాకా పారుకోలేదని నేను గుర్తు చేశాను. ఆయన దాన్ని దగ్గరికి లాక్కుని, నాకు దిష్టి కళ్లని చెప్పి పంపించేశాడు.

మృగశిర కార్తె, మొదటి రోజు

పైన నలభై ఎనిమిది. గనిలో ముప్పై ఐదు.

పొద్దున్నే బండి దిగింది. ఏటా వచ్చే డ్రైవరే. వెనక తలుపు దించి, వేపపుల్ల నములుతూ నిలబడ్డాడు. చాలాసేపటికి కూడా పశువులేవీ రాలేదు.

"ఏమ్మా, ఈ ఏడు ఎన్ని?"

ఆయన కాగితంలో ఒక గడి ఉంది, నేను అంకె రాసి సంతకం పెట్టాలి. ఇరవై ఎనిమిదిసార్లు పెట్టాను. ఈసారి పెన్ను పట్టుకుని తల పైకెత్తి చూశాను. ఎగువ వరస గోడ పక్కన పన్నెండు ఇళ్లవాళ్లూ నిలబడి ఉన్నారు. మద్దిలేటన్న జొన్నను కూడా తోలుకొచ్చాడు. దానికి ఇదంతా ఏం పట్టలేదు, ఆయన తువ్వాలు నములుతోంది.

సున్న రాశాను. మల్లె కోసం కొంచెం పెద్దగా రాశాను.

"ఇంత పెద్ద సున్నేందమ్మా, గడిలో పట్టలేదు" అన్నాడు డ్రైవరు.

"ఇరవై ఎనిమిదేళ్లు ఆలస్యమైందప్పా. పట్టకపోతే పక్క గడిలోకి పోనీ."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఖాళీ బండి దడదడమంటూ గని దారెంబడి పైకెక్కిపోయింది. నేను కాటా తుడుచుకుని, కొత్త పుస్తకం చంకలో పెట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టాను. తొమ్మిది దూడలను తూచాలి, అవి అప్పటికే అరుస్తున్నాయి.